పుస్తకంలో రూలు ఒక్కటేనా, రెండా?

(వార్షికోత్సవం సందర్భంగా జరిగిన యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము కాంచీపురంలో ఒక చేనేత సహకార సంఘంలో ముప్పై ఏళ్ళ పైగా సెక్రటరీగా ఉన్నాం. మా చదువు ఎనిమిదో తరగతి. ఆ తర్వాత మగ్గం గుంటలోకి దిగాం, అక్కణ్ణించి లెక్కల పుస్తకం దగ్గరికి వచ్చాం. ఈరోజు మాకిచ్చిన అంశం "ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ బృందానికి న్యాయమైన నడవడి నియమాలు". ఇది చూసి మా ఇంటావిడ, "మీకు ఫోన్లో ఫోటో పంపడమే రాదు, సాఫ్ట్‌వేర్ గురించి మీరేం మాట్లాడతారు?" అని నవ్వింది. ఆవిడ అన్నది నిజమే. అయినా ఎందుకు ఒప్పుకున్నామో చెబుతాం.

మన నేత కుటుంబాల పిల్లలు కొందరు చెన్నైలో, బెంగుళూరులో, హైదరాబాదులో, పూణేలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తున్నారు. వాళ్ళలో పదిహేనుమంది దాకా కలిసి, సెలవు రోజుల్లో, రాత్రిపూట కూర్చుని, మన సంఘాల కోసం ఒక ప్రోగ్రాం రాస్తున్నారు. గ్రాఫు కాగితం మీద గీసిన బుటాను జకార్డు అట్టల వరసగా మార్చడం, ఒక పడుగుకు ఎంత పట్టు, ఎంత జరీ పడుతుందో లెక్క కట్టడం దాని పని. దానికి డబ్బు తీసుకోరు. పైగా దాన్ని ఎలా రాశారో ఆ రాత మొత్తం అందరికీ కనబడేలా పెట్టారు. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, మార్చింది బాగుంటే తిరిగి ఇవ్వవచ్చు. దాన్నే ఓపెన్ సోర్స్ అంటారట.

ఇది మనవాళ్ళకు అర్థం కాని విషయం కాదు. చీర కొన్నవాడికి చీరే ఇస్తాం, గ్రాఫు కాగితం ఇవ్వం. ఓపెన్ సోర్సులో చీరతో పాటు గ్రాఫు కాగితం కూడా చేతిలో పెడతారు. అంతే తేడా. 1804 నాటి జకార్డు మగ్గం అట్టల్లో చిల్లులు చూసే, లెక్కలు చేసే యంత్రానికి అట్టలు వాడదామని ఇంగ్లండులో బాబేజ్ అనే ఆయన అనుకున్నాడట. ఆ లెక్కన కంప్యూటరుకూ మన మగ్గానికీ చుట్టరికం ఉంది. పిల్లలు ఆ చుట్టరికం కలుపుతున్నారని మేమంతా సంతోషించాం.

అయితే పోయిన ఏడాది అక్కడ ఒక గొడవ వచ్చింది. షోలాపూర్ కుటుంబం పిల్ల ఒకామె, ఇరవై రెండేళ్ళుంటాయి, జరీ లెక్కలో తప్పుందని కనిపెట్టి, సరిచేసి పంపింది. పని మొదలుపెట్టిన కుర్రాడు, ప్రోగ్రాంలో సగానికి పైగా రాసినవాడు, అందరికీ కనబడేలా ఆమెకు జవాబు రాశాడు. లెక్క గురించి ఒక్క ముక్క లేదు. "ముందు ఇంగ్లీషు నేర్చుకో, తర్వాత మాకు నేర్పుదువు గాని" అని రాశాడు. ఇంకో ఇద్దరు దానికి నవ్వు బొమ్మలు పెట్టారు. ఆ పిల్ల మారు మాట్లాడలేదు. మర్నాటి నుంచి కనబడలేదు. మూడు నెలల తర్వాత ఆ తప్పు లెక్కతోనే ఒక సంఘంలో జరీ తక్కువ కొన్నారు, నాలుగు పడుగులు మధ్యలో ఆగాయి. అప్పుడు అందరికీ ఆ పిల్ల గుర్తొచ్చింది.

నియమాలు రాసుకుందాం అని పిల్లలు అప్పుడనుకున్నారు. "మావయ్యా, ముప్పై ఏళ్ళు బైలా పుస్తకం మోశారు గదా, మీరూ చూడండి" అని మమ్మల్నీ, ఇంకో ఇద్దరు పెద్దల్నీ అడిగారు. మా అన్నయ్య మనవరాలు పక్కన కూర్చుని, ప్రపంచంలో ఇలాంటి బృందాలు ఏం చేశాయో తమిళంలో కొంత, తెలుగులో కొంత చదివి వినిపించింది. విన్నవాటిలో నాలుగు సంగతులు మీకు చెబుతాం.

మొదటిది లినక్స్. 1991లో ఫిన్లాండులో లినస్ టోర్వాల్డ్స్ అనే కాలేజీ కుర్రాడు మొదలుపెట్టాడు. మీ చేతుల్లో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ల అడుగున పనిచేసేది అదే. వేలమంది కలిసి నేసిన బట్ట అనుకోండి. ఆయన పనిలో ఎంత గొప్పవాడో, నోట్లో అంత కటువు. తప్పు రాసినవాణ్ణి అందరి ముందూ తిట్టేవాడు. 2015లో ఒక చిన్న నియమం పెట్టుకున్నారు. దాని పేరే "కోడ్ ఆఫ్ కాన్‌ఫ్లిక్ట్", అంటే గొడవల నియమం. నీ పనిని గట్టిగా పరీక్షిస్తాం, ఎవరైనా మరీ బాధపెడితే ఫలానా బోర్డుకు చెప్పుకో అన్నది దాని సారం. దానితో పరిస్థితి పెద్దగా మారలేదు. 2018 సెప్టెంబరులో టోర్వాల్డ్సే అందరికీ క్షమాపణ రాసి, కొన్ని వారాలు పని నుంచి పక్కకు తప్పుకున్నాడు. అప్పుడే పాత నియమం తీసేసి కొత్త నియమావళి పెట్టారు. అక్టోబరులో ఆయన తిరిగి పనిలోకి వచ్చాడు. లినక్సు ఆగిపోలేదు. పెద్దవాడు తప్పు ఒప్పుకుంటే పని పాడవుతుందని మనం భయపడతాం చూడండి, అది ఉత్త భయమే.

రెండోది ఆ కొత్త నియమావళికి మూలం. "కాంట్రిబ్యూటర్ కవనెంట్" అని దాని పేరు. కొరలైన్ అడా ఎమ్‌కే అనే ఆమె 2014లో రాసింది. ఎన్నో బృందాలు దాన్ని తెచ్చుకుని తమ పేరు పెట్టుకున్నాయి. తర్వాత వచ్చిన దాని రెండో రూపంలో నాలుగు మెట్లు ఉన్నాయి. మొదటి మెట్టులో తప్పు చెప్పి దిద్దడం. రెండోది హెచ్చరిక. మూడోది కొంతకాలం దూరంగా ఉంచడం. నాలుగోది పూర్తిగా తీసేయడం. మాకిది బాగా నచ్చింది. మన సంఘాల్లో సాధారణంగా రెండే మెట్లుంటాయి. ఒకటి చూసీ చూడనట్టు ఊరుకోవడం, రెండోది పడుగు ఆపేయడం. మధ్యలో ఏమీ ఉండదు.

మూడోది రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష బృందం. వాళ్ళకు నియమావళి ముందు నుంచీ ఉంది. నడవడి చూసుకోవడానికి వేరే ఒక బృందం కూడా ఉంది. అయినా 2021 నవంబరులో ఆ నడవడి బృందంలో వాళ్ళంతా ఒకేసారి రాజీనామా ఇచ్చేశారు. ఎందుకంటే, పైన ఉన్న ముఖ్య బృందం తమకు తప్ప ఇంకెవరికీ జవాబు చెప్పేలా లేదు, వాళ్ళ మీద నియమం నడవడం లేదు అని. కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకోవాలి? ఆ దెబ్బతో వాళ్ళు పరిపాలన మొత్తం మార్చుకుని, 2023లో వేరే కౌన్సిల్ పెట్టుకున్నారు. రూలు రాసి గోడకు తగిలిస్తే సరిపోదని ఆ సంగతి విన్నాక తెలిసింది.

నాలుగోది మన తెలుగుకు కూడా సంబంధించినది, వికీపీడియా. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరు నుంచి ఉంది. అన్ని భాషల వికీపీడియాలకూ కలిపి ఒకే నడవడి నియమావళి 2021లో వచ్చింది. దాన్ని ఎలా అమలు చేయాలన్న మార్గదర్శకాల మీద 2022లో రాసేవాళ్ళందరి ఓటు అడిగారు. నూటికి సుమారు 57 మంది ఒప్పుకున్నారు. మనమైతే మెజారిటీ వచ్చింది, మేళం వాయించండి అంటాం. వాళ్ళు అలా చేయలేదు. కాదన్నవాళ్ళు రాసిన కారణాలు చదివారు. ఫిర్యాదు చేసినవాళ్ళ పేరు దాచాలి, నిజమే, కానీ నింద పడ్డవాడికి తన మాట చెప్పుకునే హక్కు ఏది అని చాలామంది అడిగారట. దాన్ని సరిదిద్ది 2023 జనవరిలో మళ్ళీ ఓటు పెడితే, నూటికి సుమారు 76 మంది ఒప్పుకున్నారు.

ఆ నాలుగో సంగతి విన్న రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఎందుకో చెప్పాలి. ఇది మా సంఘం సంగతి, మా చేత్తో చేసిన సంగతి.

ఇరవై ఏళ్ళ పైమాట. సంఘం నుంచి నేతగాడికి పట్టు, జరీ తూచి ఇస్తాం. చీర తెచ్చినప్పుడు మళ్ళీ తూస్తాం. తరుగు హద్దు దాటితే పడుగు ఆపాలని బైలాలో ఉంది. ఒక నేతగాడి చీరల్లో తరుగు కొద్దిగా ఎక్కువ వచ్చింది. పట్టు పక్కదారి పట్టించాడని కమిటీలో ఒకరు అన్నారు. అతను బయట అరుగు మీదే కూర్చున్నాడు. లోపలికి పిలిచి అడుగుదామని ఎవరూ అనలేదు. మేమూ అనలేదు. ఆరు నెలలు పడుగు ఆపాలని తీర్మానం రాశాం. ఆ ఏడాదిలోనే ఒక డైరెక్టరు గారి బంధువు చీరల్లో అంతకు రెట్టింపు తరుగు వచ్చింది. "చూద్దాం, వచ్చే మీటింగులో పెడదాం" అన్నారు. ఆ వచ్చే మీటింగు ఇప్పటికీ రాలేదు. రెండు సంగతులూ ఒకే మినిట్స్ పుస్తకంలో, ఒకే పెన్నుతో రాసింది మేమే.

వారం తర్వాత ఆ నేతగాడి భార్య ఆఫీసుకు వచ్చింది. ఏడవలేదు, అరవలేదు. "సెక్రటరీ గారూ, మీ పుస్తకంలో రూలు ఒక్కటేనా, రెండా?" అని అడిగింది. మేము ఫైలు వెతుకుతున్నట్టు నటించాం. ఆమె కాసేపు నిలబడి వెళ్ళిపోయింది.

అతనికి ఇచ్చిన పట్టు తూచింది ఐప్పసి నెలలో, వాన పడుతుండగా. చీరలు తూచింది చిత్తిరై ఎండల్లో. పట్టు తేమ పీలుస్తుంది, ఎండకు తేలికవుతుంది. ఇది పిల్లబార్లు చుట్టే ముసలమ్మను అడిగినా చెబుతుంది. అతన్ని లోపలికి పిలిచి ఒక్క ప్రశ్న అడిగి ఉంటే అతనే చెప్పేవాడు. ఆరు నెలలు అతను ఆగలేకపోయాడు. శ్రీపెరుంబుదూరు దగ్గర ఒక కంపెనీలో వాచ్‌మన్ పనికి పోయాడు. గుంట పూడ్చి సిమెంటు వేసుకున్నాడు. మూడు నాడెల కోర్వై చీర అంత శుభ్రంగా నేసే చెయ్యి మా వీధిలో ఇంకోటి లేదు.

అందుకని పిల్లల నియమాల కాగితం చూసేటప్పుడు మేము మాటల అందం చూడలేదు. "అందరినీ గౌరవించాలి", "మర్యాదగా ఉండాలి" అని మొదటి పేజీ నిండా ఉంది. నోరు మంచిదైతే ఊరు మంచిది, ఎవరు కాదంటారు? కానీ మా బైలాలో కూడా అన్నీ మంచి మాటలే ఉన్నాయి. మేము వెతికింది వేరు. దెబ్బ తిన్నవాడు ఎవరి గుమ్మం ఎక్కాలి? నింద పడ్డవాణ్ణి లోపలికి పిలుస్తారా? పెద్దవాడు తప్పు చేస్తే ఏం జరుగుతుంది? ఆ కాగితంలో ఈ మూడింటికీ జవాబు లేదు. ఫిర్యాదులు ఎవరికి పంపాలి అన్నచోట ఆ పని మొదలుపెట్టిన కుర్రాడి పేరే ఉంది! ఆ షోలాపూర్ పిల్ల ఎవరి మీద ఎవరికి చెప్పుకోవాలి?

మేము ముగ్గురం కూర్చుని చెప్పినవి ఇవి. ఇంకెక్కడైనా మన పిల్లలు ఇలాంటి పని మొదలుపెడితే వాళ్ళకూ పనికొస్తాయని చెబుతున్నాం.

ఒకటి. పనిని అనొచ్చు, మనిషిని అనకూడదు. ఈ తేడా ఉదాహరణలతో రాయాలి. "ఈ అంచు వంకర పోయింది, ఇక్కడ పోగు తెగింది" అంటే అది పని గురించి. "నీ చేతికి నేత రాదు, మీ ఊరివాళ్ళంతే" అంటే అది మనిషి గురించి. ఇంగ్లీషు రాకపోవడం, ఊరు, కులం, ఆడ మగ, యాస, వీటి మీద నవ్వడం రెండో రకంలోకి వస్తుంది. అట్లాగే తప్పును తప్పని గట్టిగా చెప్పినవాడి నోరు మూయడానికి ఈ నియమం వాడకూడదని కూడా రాయాలి. మొహమాటంతో తప్పు దాస్తే జరీ లెక్క మళ్ళీ తప్పుతుంది.

రెండు. ఫిర్యాదు వినడానికి ముగ్గురు ఉండాలి. ముగ్గురూ వేరువేరు ఊళ్ళవాళ్ళు, అందులో ఒక్కరైనా ఆడపిల్ల. పని నడిపేవాళ్ళు ఇందులో ఉండకూడదు. ఫిర్యాదు ఆ ముగ్గురిలో ఒకరి మీదనో, వాళ్ళ బంధువుల మీదనో వస్తే వాళ్ళు లేచి బయటికి పోవాలి, వాళ్ళ చోట్లో ఇంకొకరు కూర్చోవాలి.

మూడు. ఇద్దరి మాటా వినాలి. ఫిర్యాదు చేసినవాళ్ళ పేరు ఊరంతా చాటకూడదు. నింద పడ్డవాడికి నీ మీద ఉన్న మాట ఇదీ అని చెప్పి, వాడి జవాబు రాసుకున్నాకే తీర్మానం రాయాలి. అరుగు మీద కూర్చోబెట్టి లోపల తీర్పు చెప్పకూడదు.

నాలుగు. మెట్లు ఉండాలి. మొదటి తప్పుకే గెంటేయకూడదు, పదో తప్పు దాకా ఊరుకోకూడదు. ఎవరినైనా బెదిరిస్తే, ఆడపిల్లలను వేధిస్తే మాత్రం మెట్లు లెక్కపెట్టకుండా వెంటనే దూరంగా ఉంచాలి.

ఐదు. గడువు ఉండాలి. ఫిర్యాదు అందిందని మూడు రోజుల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. "వచ్చే మీటింగులో చూద్దాం" అన్న మాట ఎంతమందిని మింగిందో మాకు తెలుసు.

ఆరు. తీర్పు నచ్చకపోతే పైన అడుక్కోవడానికి ఒక చోటు, శిక్ష అయ్యాక తిరిగి రావడానికి ఒక దారి ఉండాలి. తప్పు దిద్దుకున్నవాణ్ణి పాత పేరుతో పిలవకూడదు.

ఏడు. ఏడాదికోసారి లెక్క చెప్పాలి. పేర్లు అక్కర్లేదు. ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఎన్ని తేల్చారు, ఎన్ని మిగిలాయి, అంతే. పట్టు లెక్క చెప్పినట్టు ఇదీ చెప్పాలి.

ఎనిమిది. ఈ కాగితం ఇంగ్లీషులో మాత్రమే ఉంటే కుదరదు. తెలుగు, తమిళం, కన్నడం, ఒడియా, మరాఠీ, మన పిల్లలు ఏ లిపి చదివితే ఆ లిపిలో ఉండాలి. మనలో సగంమంది పిల్లలకు తెలుగు మాట వచ్చు గాని తెలుగు అక్షరం రాదు, అది మీ అందరికీ తెలిసిందే.

ఇవి చదివాక, పని మొదలుపెట్టిన ఆ కుర్రాడికి కోపం వచ్చింది. ఫోన్ చేశాడు. "తాతగారూ, మూడేళ్ళుగా రాత్రులు నిద్ర మానుకుని రాశాను. ఒక్క పైసా తీసుకోలేదు. ఇప్పుడు నా మీదే రూలా? ఇంక నేనెందుకు చెయ్యాలి?" అన్నాడు. అతని మాటలో న్యాయం లేదని మేము అనం. ఉచితంగా పనిచేసేవాడికి విసుగు వస్తుంది. అడిగిందే అడిగే వాళ్ళుంటారు, ఒక్కడి మీదే భారం పడుతుంది. అది కూడా బృందం చూసుకోవాలి, జవాబులు చెప్పే పని నలుగురికీ పంచాలి అని కాగితంలో చేర్చాం.

ఆ తర్వాత అతనికి ఒకటే చెప్పాం. "నాయనా, కోర్వై చీర నేసేటప్పుడు ఒకపక్క నేతగాడు, ఇంకోపక్క అంచు నాడె వేసే చిన్నపిల్లవాడు కూర్చుంటారు. నేతగాడికి ముప్పై ఏళ్ళ అనుభవం, పిల్లవాడికి మూడు నెలలు. అయినా ఆ పిల్లవాడు లేచిపోతే ఒంటికీ అంచుకూ అతుకు పడదు. నువ్వు గొప్ప నేతగాడివే. కానీ అంచు నాడె వేసే పిల్ల లేచిపోయింది, చూసుకున్నావా?" అన్నాం. అతను ఫోన్ పెట్టేశాడు. పది రోజులు పలకలేదు. తర్వాత, ఫిర్యాదుల దగ్గర తన పేరు తనే కొట్టేసి, ఆ షోలాపూర్ పిల్లకు అందరికీ కనబడేచోటే క్షమాపణ రాశాడు. తిట్టింది అందరి ముందే కాబట్టి, క్షమాపణ కూడా అక్కడే రాయాలని అతనికే తోచింది. అది మేము చెప్పింది కాదు.

ఆ పిల్ల తిరిగి వచ్చిందా అని మీరు అడుగుతారు. రాలేదు. "సంతోషం. ఒక ఏడాది చూస్తాను. నియమం నడుస్తోందని అనిపిస్తే వస్తాను" అని జవాబు రాసింది. తెలివైన పిల్ల. ఆమె చేసిందే సరైనది. నియమం మంచిదా కాదా అన్నది రాసినరోజు తెలియదు, ఏడాది నడిచాక తెలుస్తుంది.

ఈ పిల్లలకు చెప్పి మనం ఊరుకుంటే అది న్యాయం కాదు. మా సంఘంలో కూడా, ఎవరి మీదైనా తీర్మానం రాసేముందు వాళ్ళను లోపలికి పిలిచి అడగాలి, బంధువుల విషయం వచ్చినప్పుడు ఆ డైరెక్టరు లేచి వెళ్ళాలి అని ఒక ప్రతిపాదన పెట్టాం. ఇంకా పాసవలేదు. ఇద్దరు డైరెక్టర్లు మాతో మాట్లాడటం మానేశారు. రిటైరయ్యే లోపు పాసవుతుందో లేదో చెప్పలేం. మళ్ళీ పెడతాం.

పొంగలుకు ముందు ఆ నేతగాడి ఇంటికి కూడా వెళ్ళాం. ఆయన భార్య కాఫీ ఇచ్చింది. ఆనాడు తప్పు మాదే, పిలిచి అడగకుండా రాశాం అని ఆయన ముందు చెప్పాం. ఆయన, "ఇప్పుడెందుకు లెండి, సెక్రటరీ గారూ" అన్నాడు. గుంట పూడ్చినచోట ఇప్పుడు మనవడి సైకిలు ఉంది. ఆమె మాత్రం, "పిల్లల పుస్తకంలో రూలు ఒక్కటే రాయించండి" అంది. రాయించాం అని చెప్పాం.

 మాటల్లో తప్పులుంటే మన్నించండి, లెక్కల్లో తప్పులుంటే మాత్రం పిలిచి అడగండి.